విమానానికి ఇంజను చేసిన చార్లీ టేలర్

పోయిన వేసవిలో మన తెలుగు బడి పిల్లల్ని తీసుకుని డియర్‌బోర్న్‌లోని గ్రీన్‌ఫీల్డ్ విలేజ్‌కి వెళ్ళాం. మిషిగన్‌లో ఉంటూ ఆ చోటు చూడనివాళ్ళు మనలో తక్కువే. పొద్దున్న ఆవిరి రైలెక్కి, మధ్యాహ్నం తెచ్చుకున్న పులిహోర, పెరుగన్నం తిని, రైట్ సోదరుల సైకిళ్ళ కొట్టు దగ్గరికి చేరాం. ఈ కొట్టు మొదట ఒహాయోలోని డేటన్ ఊళ్ళో ఉండేది. హెన్రీ ఫోర్డ్ దాన్ని కొని, విప్పించి, ఇక్కడ మళ్ళీ కట్టించాడు.

ఆ కొట్టులో నిలబడి, విల్బర్, ఆర్విల్ అనే అన్నదమ్ములు ఇక్కడే మొదటి విమానం తయారుచేశారని పిల్లలకి చెబుతుంటే, రెండో తరగతి చదివే ఒక పాప చెయ్యెత్తింది. విమానం వాళ్ళు చేశారు సరే, మరి అందులో ఇంజను ఎవరు చేశారని అడిగింది. అక్కడున్న పెద్దవాళ్ళం ఏడెనిమిది మందిమీ ఇంజనీర్లమే. సగం మందిమి ఇండియాలో మెకానికల్ చదివి, ఇక్కడికొచ్చి సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాళ్ళం. ఫోర్ స్ట్రోక్ ఇంజను గురించి పటం గీసి, భాగాలు గుర్తించి, పరీక్షల్లో పేజీలు నింపినవాళ్ళం. ఆ పాపకి జవాబు మాలో ఒక్కరికీ తెలియలేదు. ఇంటికొచ్చాక వెతుక్కుని చదువుకున్నాం. ఆ జవాబే ఈ వ్యాసం.

ఏడో తరగతితో ఆగిన చదువు

ఆయన పేరు చార్లెస్ టేలర్. అందరూ చార్లీ అనేవారు. 1868 మే 24న ఇల్లినాయ్ రాష్ట్రంలో సెర్రో గోర్డో అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తర్వాత కుటుంబం నెబ్రాస్కాలోని లింకన్‌కి వెళ్ళింది. చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. పన్నెండేళ్ళకే ఒక పత్రికాఫీసులో చిన్నా చితకా పనులు చేసే కుర్రాడిగా చేరాడు. పుస్తకాలు బైండు చేసే విభాగంలో కూడా పనిచేశాడు. యంత్రాలంటే మాత్రం చిన్నప్పటి నుంచీ ఇష్టం. ఏది ఎలా తిరుగుతోందో చూడకుండా ఉండలేకపోయేవాడు.

1894లో హెన్రియెట్టా వెబ్బర్ట్ అనే అమ్మాయితో పెళ్ళయింది. కొన్నాళ్ళకి ఆవిడ బంధువులున్న డేటన్‌కి కాపురం మార్చారు. అక్కడ వ్యవసాయ పనిముట్లు, సైకిళ్ళు చేసే ఫ్యాక్టరీలో పనిచేశాడు. ఆ తర్వాత సొంతంగా చిన్న మెషిన్ షాపు పెట్టుకున్నాడు. రైట్ సోదరులు సైకిళ్ళ కొట్టు పెట్టుకున్న భవనం హెన్రియెట్టా వాళ్ళ బాబాయిదే. అలా పరిచయమై, వాళ్ళకి కావలసిన సైకిలు భాగాలు కొన్ని టేలర్ చేసి ఇచ్చేవాడు. 1901 జూన్‌లో గంటకి 30 సెంట్ల జీతం మీద వాళ్ళ కొట్టులోనే చేరిపోయాడు.

అన్నదమ్ములిద్దరూ ప్రతి ఏడూ నార్త్ కరొలైనాలోని కిట్టీ హాక్ దగ్గర ఇసుక తిన్నెల మీద గ్లైడర్లు ఎగరేసి చూడ్డానికి వెళ్ళేవారు. వాళ్ళు వెళ్ళినప్పుడు కొట్టు చూసుకునేది, సైకిళ్ళు బాగుచేసేది, డబ్బు లెక్కలు రాసేది టేలరే. ఆ కొట్టు నడిస్తేనే వీళ్ళ ప్రయోగాలకి డబ్బు. కాబట్టి ఇంజను సంగతి రాకముందే ఆ విమానంలో ఆయన కష్టం ఉంది.

ఆరు వారాల్లో ఇంజను

1902 నాటికి గ్లైడరుని చెప్పినట్టు తిప్పడం అన్నదమ్ములకి పట్టుబడింది. ఇక కావలసింది ఇంజను. కనీసం 8 గుర్రపు శక్తి ఇవ్వాలి, 200 పౌండ్ల లోపే బరువుండాలి, ఎక్కువగా అదరకూడదు. ఇంజన్లు చేసే కంపెనీలకి ఉత్తరాలు రాశారు. అంత తేలికైనది ఎవరి దగ్గరా దొరకలేదు. చివరికి మనమే చేసుకుందాం అనుకున్నారు. ఆ పని చార్లీ టేలర్ చేతిలో పెట్టారు.

అప్పటికి ఆయనకి పెట్రోలు ఇంజన్లతో ఉన్న అనుభవం దాదాపు సున్నా. ఒకసారి ఎవరిదో కారు ఇంజను బాగుచేయబోయాడు, అది బాగుపడలేదు. కొట్టులో ఉన్నవి ఒక లేత్, ఒక డ్రిల్లు యంత్రం, చేతి పనిముట్లు. పూర్తి నక్షాలు కూడా లేవు. ముగ్గురూ కూర్చుని ఏ భాగం ఎలా ఉండాలో మాట్లాడుకుని, చిత్తు కాగితం మీద బొమ్మ గీసేవారు. ఆ కాగితాన్ని టేలర్ బల్ల ముందు తగిలించుకుని పని మొదలెట్టేవాడు.

పిల్లలూ, ఇంజను లోపల ఏం జరుగుతుందో సైకిలు సాయంతోనే తెలుసుకుందాం. సిలిండరు అంటే సైకిలు పంపు గొట్టం లాంటిది. అందులో ముందుకీ వెనక్కీ జరిగేది పిస్టను. మొదటిసారి వెనక్కి జరిగి, పెట్రోలు ఆవిరి కలిసిన గాలిని లోపలికి పీల్చుకుంటుంది. రెండోసారి ముందుకి వచ్చి ఆ గాలిని గట్టిగా నొక్కుతుంది. అప్పుడు నిప్పురవ్వ పడుతుంది, గాలి భగ్గున మండి వ్యాకోచిస్తుంది, పిస్టనుని మూడోసారి బలంగా తోస్తుంది. నాలుగోసారి ముందుకొచ్చి పొగని బయటికి నెట్టేస్తుంది. పీల్చడం, నొక్కడం, మండడం, వదలడం. ఈ నాలుగింటిలో పని చేసిపెట్టేది మూడోది ఒక్కటే. అందుకే ఒకే సిలిండరు ఉంటే ఇంజను కుదుపుతుంది. నాలుగుంటే ఎప్పుడూ ఏదో ఒకటి తోస్తూ ఉంటుంది. టేలర్ ఇంజనులో సిలిండర్లు నాలుగు.

మరి ముందుకీ వెనక్కీ జరిగే పిస్టను గుండ్రంగా తిరిగే ప్రొపెల్లరుని ఎలా తిప్పుతుంది? సైకిలు తొక్కేటప్పుడు మన మోకాళ్ళు పైకీ కిందకీ ఆడతాయి, పెడల్ మాత్రం గుండ్రంగా తిరుగుతుంది కదా. ఇంజనులో పెడల్ చేసే పని చేసేది క్రాంక్ షాఫ్టు. టేలర్ చేసిన భాగాలన్నిటిలోకీ కష్టమైనది అదే. 31 అంగుళాల పొడవు, 6 అంగుళాల వెడల్పు, ఒకటిన్నర అంగుళం పైచిలుకు మందం ఉన్న గట్టి ఉక్కు దిమ్మ తీసుకున్నాడు. దాని మీద షాఫ్టు ఆకారం గీసుకుని, గీత వెంబడే వరసగా బెజ్జాలు వేసి, అనవసరమైన ఉక్కుని ఉలితో కొట్టి తీసేశాడు. మిగిలినదాన్ని లేత్ మీద ఎక్కించి, కొలతకి వచ్చేదాకా నునుపు చేశాడు. 80 పౌండ్లు దాటిన దిమ్మలోంచి చివరికి మిగిలిన షాఫ్టు 19 పౌండ్లు. మా కాలేజీ వర్క్‌షాపులో లేత్ మీద చిన్న ఇనప కడ్డీని కొలతకి తేవడానికి మేం పడ్డ పాట్లు గుర్తొచ్చి, ఈ సంగతి చదివినప్పుడు కాసేపు ఆగిపోయాం.

బరువు తగ్గడం కోసం ఇంజను ఒళ్ళంతా, అంటే క్రాంక్ కేసుని, అల్యూమినియంతో పోత పోయించారు. గట్టిదనం కోసం అందులో కొంచెం రాగి కలిపారు. విమానాల్లో అల్యూమినియం వాడకం అక్కడే మొదలైందని చెప్పుకోవచ్చు. మొత్తం పని ఆరు వారాల్లో అయిపోయింది. 1903 ఫిబ్రవరి 12న ఇంజను తిరిగింది.

మర్నాడే విరిగింది. పెట్రోలు కారి బేరింగుల మీద పడింది. తిరిగే లోహానికీ దాన్ని పట్టుకున్న లోహానికీ మధ్య పల్చటి నూనె పొర ఉండాలి. పెట్రోలు ఆ పొరని కడిగేస్తే రెండూ పట్టేసుకుంటాయి. బేరింగులు బిగుసుకుపోయి, ఇంజను ఒళ్ళు పగిలిపోయింది. కొత్త పోత కోసం ఏప్రిల్ దాకా ఆగాల్సి వచ్చింది. అది వచ్చాక టేలర్ అంతా మళ్ళీ అమర్చాడు. మే నెలలో ఇంజను మళ్ళీ తిరిగింది. అడిగింది 8 గుర్రపు శక్తి, ఇచ్చింది 12.

ఇంజను ఒక్కటే చాలదు

విరిగిన ఆ రోజే ఒక పాఠం చెప్పింది. ఇంజను బతకాలంటే చుట్టూ ఉన్న ఏర్పాట్లన్నీ సరిగ్గా పనిచేయాలి. టేలర్ ఇంజనులో అవి ఎంత సాదాగా ఉండేవో చూడండి. ఇప్పటి సెస్నా 172 లాంటి చిన్న విమానంలో ఏముందో దాని పక్కనే పెట్టి చూస్తే బాగా అర్థమవుతుంది.

మొదటిది పెట్రోలు. 1903 విమానంలో అర గ్యాలను కూడా పట్టని చిన్న డబ్బాని పైన కట్టారు. పెట్రోలు దానంతట అదే గొట్టంలోంచి కిందకి కారి, వేడిగా ఉన్న ఇంజను మీద ఆవిరై, గాలిలో కలిసేది. కార్బురేటరు అంటూ వేరే లేదు. మా చిన్నప్పుడు స్కూటరు స్టార్ట్ కాకపోతే నాన్నగారు దాన్ని పక్కకి వంచి, మళ్ళీ నిలబెట్టి కిక్ కొట్టేవారు. అదీ పెట్రోలుని కిందకి రప్పించే ఉపాయమే. సెస్నా 172లో ఇప్పటికీ పెట్రోలు ట్యాంకులు పైనున్న రెక్కల్లోనే ఉంటాయి. ఎక్కేముందు పైలటు ప్రతిసారీ కొంచెం పెట్రోలు గాజు గొట్టంలోకి పట్టి, అందులో నీళ్ళు చేరాయేమో చూసుకుంటాడు. పైకి వెళ్ళేకొద్దీ గాలి పల్చబడుతుంది కాబట్టి, దానికి తగ్గట్టు పెట్రోలు పాళ్ళు తగ్గించడానికి ఒక ఎర్ర మీట ఉంటుంది. కార్బురేటరున్న విమానాల్లో ఇంకో జాగ్రత్త కావాలి. గాలిలో తేమ ఉంటే, బయట మంచు పడకపోయినా కార్బురేటరు లోపల మంచు పేరుకోవచ్చు. అప్పుడు వేడి గాలి పంపించడానికి వేరే మీట ఉంటుంది.

రెండోది నిప్పురవ్వ. టేలర్ ఇంజనులో స్పార్క్ ప్లగ్గులు లేవు. సిలిండరు లోపలే రెండు లోహపు ముక్కలు తగిలి విడిపోతుంటే రవ్వ పుట్టేది. దానికి కరెంటు ఇచ్చేది మాగ్నెటో, అంటే అయస్కాంతంతో పనిచేసే చిన్న జనరేటరు. బ్యాటరీ స్టార్ట్ చేయడానికే, దాన్ని నేల మీదే వదిలేసేవారు. ఇప్పటికీ చాలా చిన్న విమానాల్లో మాగ్నెటోలే ఉంటాయి. బ్యాటరీ చచ్చిపోయినా ఇంజను ఆగకూడదు కదా! ఒక్కో సిలిండరుకి రెండు ప్లగ్గులు, మొత్తానికి రెండు మాగ్నెటోలు. ఒకటి పోతే ఇంకొకటి ఉంటుంది. పైకి లేచే ముందు పైలటు ఒక్కోదాన్ని ఆపి, రెండోది ఒంటరిగా పనిచేస్తోందో లేదో చూస్తాడు.

మూడోది చల్లదనం. టేలర్ సిలిండర్ల చుట్టూ నీళ్ళు ఉండేవి, ఒక స్తంభానికి నీళ్ళ తొట్టి బిగించారు. కానీ ఇంజను తలభాగానికి నీళ్ళు అందేవి కావు. అది కాలిపోతూ లోపలికొచ్చే గాలిని కూడా వేడెక్కించేది. వేడి గాలి పల్చగా ఉంటుంది, అందుకే స్టార్ట్ చేసినప్పుడు 16 దాకా ఉన్న గుర్రపు శక్తి కాసేపట్లో 12కి పడిపోయేది. సెస్నా లాంటి వాటిలో నీళ్ళుండవు. సిలిండర్ల ఒంటి నిండా పల్చటి రెక్కలుంటాయి. ఎదురు గాలి వాటి మధ్యనుంచి పోతూ వేడిని లాగేస్తుంది. ఇంజను ఆయిలు కూడా నునుపుతో పాటు కొంత వేడిని మోసుకుపోతుంది.

నాలుగోది ప్రొపెల్లరు తిప్పడం. సైకిళ్ళ వాళ్ళు కదా, రైట్ సోదరులు చైన్లు వాడారు. ఇంజను నిమిషానికి వెయ్యి చుట్లు తిరిగితే, వెనకున్న రెండు ప్రొపెల్లర్లూ దాదాపు 350 చుట్లు తిరిగేవి. ఒక చైనుని మెలి తిప్పి వేశారు, ఆ రెండూ ఒకదానికొకటి ఎదురు దిశల్లో తిరగడానికి. సెస్నాలో ప్రొపెల్లరుని నేరుగా క్రాంక్ షాఫ్టుకే బిగిస్తారు.

టేలర్ ఇంజను ఒక్కో గుర్రపు శక్తికీ సుమారు 15 పౌండ్ల బరువు మోసేది. ఇప్పటి సెస్నా 172 ఇంజను 180 గుర్రపు శక్తి ఇస్తూ, ఒక్కోదానికి రెండు పౌండ్లు కూడా మోయదు. కానీ పీల్చడం, నొక్కడం, మండడం, వదలడం మాత్రం అవే.

ఎగిరిన రోజు ఆయన అక్కడ లేడు

1903 డిసెంబరు 17న కిట్టీ హాక్‌లో ఆర్విల్ 12 సెకన్ల పాటు, 120 అడుగుల దూరం ఎగిరాడు. అదే రోజు నాలుగోసారి విల్బర్ 59 సెకన్లలో 852 అడుగులు వెళ్ళాడు. తర్వాత పెద్ద గాలి వీచి విమానం దొర్లిపోయింది, ఇంజను దెబ్బతింది. అప్పుడు టేలర్ డేటన్‌లో కొట్టు చూసుకుంటున్నాడు. తను చేసిన ఇంజను మనిషిని గాల్లోకి లేపిన ఆ పూట ఆయన చూడలేదు.

తర్వాత రెండేళ్ళు డేటన్ పక్కన హఫ్‌మన్ ప్రెయిరీ అనే పచ్చిక మైదానంలో విమానాలు ఎగరేస్తుంటే, ఇంజను చూసుకున్నది ఆయనే. 1908లో సైన్యానికి విమానం చూపించడానికి ఆర్విల్‌తో పాటు వాషింగ్టన్ దగ్గరున్న ఫోర్ట్ మయర్‌కి వెళ్ళాడు. అక్కడ సెప్టెంబరు 17న ప్రొపెల్లరు చీలి, విమానం కూలి, ఆర్విల్ పక్కన కూర్చున్న లెఫ్టినెంట్ సెల్ఫ్‌రిడ్జ్ చనిపోయాడు. ఇంజనున్న విమాన ప్రమాదంలో పోయిన మొదటి మనిషి అతనే. ఆర్విల్‌కి ఎముకలు విరిగాయి. శిథిలాల్లోంచి వాళ్ళని బయటికి తీసినవాళ్ళలో టేలర్ ఉన్నాడు. అక్కడే నిలబడి ఏడ్చాడు. తర్వాత విరిగిన ముక్కలన్నీ పరిశీలించి, ఏది ముందు పోయిందో కనిపెట్టే పనిలో దిగాడు. విమానం కూలితే కారణం వెతికే పద్ధతికి అదొక మొదలు.

విమానం నడపడం నేర్చుకోవాలని ఆయనకి ఉండేది. అన్నదమ్ములకి ఆయన కొట్టులోనే కావాలి. నేర్పలేదు.

1911లో క్యాల్ రాడ్జర్స్ అనే పైలటు న్యూయార్క్ నుంచి కాలిఫోర్నియా దాకా మొదటిసారి విమానంలో వెళ్ళాలని బయల్దేరాడు. రోజుకి పది డాలర్ల మీద టేలర్‌ని మెకానిక్‌గా పెట్టుకున్నాడు. పైన విమానం, కింద విడిభాగాలు మోసుకుంటూ ప్రత్యేక రైలు. విమానం పడడం, వీళ్ళు అతికించడం, మళ్ళీ ఎగరడం. 49 రోజులకి పాసడీనా చేరేసరికి విమానంలో మొదటి భాగాలు మిగిలినవి కొన్నే.

మర్చిపోయిన ఏళ్ళు

1912లో విల్బర్ టైఫాయిడ్‌తో చనిపోయాడు. 1915లో ఆర్విల్ కంపెనీ అమ్మేశాడు. టేలర్ ఇంకొన్నేళ్ళు ఆర్విల్ దగ్గర పనిచేసి, 1928లో కుటుంబంతో కాలిఫోర్నియా వెళ్ళిపోయాడు. దాచుకున్న డబ్బు భూమి మీద పెట్టి పోగొట్టుకున్నాడు. హెన్రియెట్టా కూడా పోయింది. 1937లో హెన్రీ ఫోర్డ్ మనుషులు వెతుక్కుంటూ వెళ్ళేసరికి, ఆయన లాస్ ఏంజలిస్‌లో ఒక విమానాల ఫ్యాక్టరీలో గంటకి 40 సెంట్లు కూడా రాని పనిలో ఉన్నాడు. మొదటి విమానానికి ఇంజను చేసింది ఈ ముసలాయనేనని పక్కన పనిచేసేవాళ్ళకే తెలియదు. ఆయన చెప్పుకోలేదు.

ఫోర్డ్ ఆయన్ని డియర్‌బోర్న్‌కి పిలిపించాడు. సైకిళ్ళ కొట్టులో ఏ యంత్రం ఎక్కడ ఉండేదో చూపించి, పాత రోజుల్లోలా అమర్చడానికి ఆయన సాయపడ్డాడు. 1938 ఏప్రిల్ 16న, విల్బర్ పుట్టినరోజున, దాన్ని ఆవిష్కరించారు. అంటే ఆ పాప నిలబడి ప్రశ్న అడిగిన కొట్టుని సర్దిపెట్టింది కూడా ఆయనే.

1941లో మళ్ళీ కాలిఫోర్నియా వెళ్ళి, యుద్ధ కాలంలో ఫ్యాక్టరీలో పనిచేశాడు. 1945లో గుండెపోటు వచ్చి పని చేయలేకపోయాడు. 1948 జనవరి 30న ఆర్విల్ చనిపోయాడు. మనకి అది గాంధీగారు పోయిన రోజు. ఆర్విల్ తన వీలునామాలో టేలర్‌కి ఏడాదికి 800 డాలర్లు వచ్చేటట్టు రాశాడు. పెరిగిన ధరల ముందు అది చాలలేదు. 1955లో ఒక విలేకరి చూసేసరికి ఆయన లాస్ ఏంజలిస్‌లో బీదల ఆసుపత్రి వార్డులో ఉన్నాడు. సంగతి తెలిసి విమాన పరిశ్రమ వాళ్ళు చందాలు వేసుకుని మంచి వైద్యశాలకి మార్చారు. కొద్ది నెలలకే, 1956 జనవరి 30న, ఆర్విల్ పోయిన తారీఖునే 87 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. సెస్నా 172 మార్కెట్లోకి వచ్చిన ఏడాది కూడా అదే.

ఆయన చెక్కిన ఆ మొదటి క్రాంక్ షాఫ్టు ఇప్పుడు లేదు. 1906లో న్యూయార్క్‌లో ప్రదర్శనకి పంపితే తిరిగి రాలేదు. ఆయన పేరు మాత్రం నిలిచింది. అర్ధ శతాబ్దం పాటు విమానాలు బాగుచేసిన మెకానిక్కులకి అమెరికా ప్రభుత్వ విమానయాన సంస్థ ఇచ్చే గౌరవానికి చార్లెస్ టేలర్ పేరే పెట్టారు. ఆయన పుట్టిన మే 24ని చాలా రాష్ట్రాల్లో విమాన మెకానిక్కుల దినంగా జరుపుతారు.

ఇవన్నీ చదివి, ఒక ఆదివారం బడిలో పిల్లలకి చెప్పాం. అది విన్నాక మాలో ఒకరు ఒక మాట చెప్పారు. ఆయన నాన్నగారు గుంటూరు జిల్లాలో ఒక పల్లెటూళ్ళో పొలాల్లోని ఆయిల్ ఇంజన్లు బాగుచేసేవారట. రోడ్డు పక్కన రేకుల షెడ్డు, చేతుల నిండా నల్లటి గ్రీజు, చెవి పెట్టి వింటే చాలు ఏ సిలిండరు సరిగా మండడం లేదో చెప్పేవారట. ఆ సంపాదనతోనే ఈయన ఇంజనీరింగ్ చదివారు. కానీ ఇక్కడ తన పిల్లలకి మాత్రం, తాతగారిది బిజినెస్ అని చెబుతూ వచ్చారట. ఆ రోజు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పారు. వాళ్ళబ్బాయి వెంటనే, ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు తాతగారు ఒక ఇంజను విప్పి చూపిస్తారా అని అడిగాడు.

పాపా, నువ్వడిగినదానికి జవాబు చార్లీ టేలర్. వచ్చే వేసవిలో మళ్ళీ ఆ సైకిళ్ళ కొట్టుకి వెళదాం. ఈసారి ముందు గదిలో ఆగకుండా, వెనకున్న పని గదిలో, పనిముట్ల దగ్గర కాసేపు నిలబడదాం.